దృఢవిశ్వాసానికీ మొండితనానికీ మధ్య గీత ఎక్కడ?

ప్రశ్న (శివారు రైతు, కోనసీమ):

గోదావరి డెల్టాలో కాలువ చివర ఉన్న మా ఊరి నీటి సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. రెండేళ్లుగా దాళ్వాకు (రబీలో వేసే రెండో పంటకు) మా శివారు పొలాలకు నీరు సరిగ్గా అందడం లేదు. ఆ భూముల్లోనైనా దాళ్వా వరి మాని పెసర, మినుము వేసుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఊళ్లో సగం మంది ఒప్పుకోవడం లేదు. ‘ప్రెసిడెంటుది మొండిపట్టు’ అన్న మాట నా చెవిన కూడా పడింది. నాయకుడికి ముందుచూపు, తాను నమ్మినదానిపై నిలబడే ధైర్యం ఉండాలని చెప్పేవారందరూ మా వైపు కాటన్ దొరనే చూపిస్తారు. ఆయన కూడా పై అధికారులు కాదంటున్నా పట్టు విడవలేదనే కదా చెబుతారు. మరి ఆయనది విశ్వాసమని, నాది మొండితనమని తేల్చేది ఏమిటి? పని ఫలించడం ఒక్కటేనా?

జవాబు 1 (విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, రాజమహేంద్రవరం):

ఫలితాన్ని బట్టి తేల్చడమంటే పంట ఇంటికి వచ్చాక విత్తనాన్ని మెచ్చుకోవడమేనండి. 1844లో గోదావరిపై ఆనకట్ట కట్టాలని కాటన్ నివేదిక ఇచ్చేనాటికి ఆయన చేతిలో ఏమున్నదో చూడటం మేలు. అంతకుముందు ఆయన తంజావూరు ప్రాంతంలో పనిచేశారు. కావేరి నీరు కొల్లిడం పాయలోకి జారిపోయి డెల్టా ఎండిపోతుంటే, 1830ల చివరి భాగంలో అక్కడ ఆనకట్టలు కట్టించారు. అడుగు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందన్నది ఆనాటి పెద్ద చిక్కు. దానికి జవాబు ఆయనకు కావేరిపై ఉన్న పాతకాలపు ఆనకట్ట కల్లణైలో దొరికింది. బండరాళ్లను ఇసుకలోకి దిగనిచ్చి, అవి ఇక కదలవని తేలిన తరువాత వాటిపై కట్టడం లేపే ఆ పద్ధతిని ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశారు. అంటే ధవళేశ్వరం గురించి ఆయన చెప్పిన మాట ఉత్త ఊహ కాదు, ఒకచోట చేసి చూసిన పని.

రెండో సంగతిని మనవాళ్లు తరచుగా మరచిపోతారు. 1833 కరువు, 1839 తుపాను తరువాత ఈ జిల్లా ఎంత చితికిపోయిందో రెవెన్యూ వైపు నుంచి హెన్రీ మాంట్‌గొమరీ 1844లోనే విడిగా నివేదించారు. ఇంజనీరు చెప్పిన అవసరాన్ని శిస్తు లెక్కలు చూసే మనిషి కూడా తన దారిలో వచ్చి ధ్రువపరిచినట్లయింది. 1847లో పని మొదలై 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలపై ఆనకట్ట పూర్తయింది. కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది: మీ మాటను మీ పక్షం కాని మనిషి ఎవరైనా, తన లెక్కతో తాను, నిజమే అన్నారా?

జవాబు 2 (కర్నూలు నుంచి):

పెద్దలు చెప్పినది కాదనను. కానీ కథ ధవళేశ్వరంతో ఆపేస్తే సగమే చెప్పినట్లవుతుంది. అదే కాటన్ ఆలోచన ప్రేరణగా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మా జిల్లాకు వచ్చి, తుంగభద్రపై సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, 1863 నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది. నీరు వచ్చింది, కానీ ఆ నీటికి డబ్బు కట్టి తీసుకునే రైతులు కంపెనీ ఆశించినంత మంది రాలేదు. ఇక్కడివి చాలావరకు నల్లరేగడి నేలలు. వానకు జొన్న, పత్తి పండించుకునే రైతు ఏటా నీటి తీరువా కట్టి వరిలోకి దిగడానికి ఎందుకు తొందరపడతాడు? నీటికోసం మొగం వాచిన ఒండ్రు నేల డెల్టా రైతుకున్న ఆత్రం ఇక్కడ లేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను తీసుకోవలసి వచ్చింది.

మరో తేడా ఉంది. కంపెనీ వేసిన పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. కాలువ ఆడినా ఆడకపోయినా వాటాదారుకు వడ్డీ వస్తుందంటే, ‘రైతు నిజంగా నీరు తీసుకుంటాడా’ అని గట్టిగా అడిగే అవసరం ఎవరికి ఉంటుంది? మనిషీ ఆ కాటనే, నమ్మకమూ అదే. నేల మారింది, తప్పుకు మూల్యం చెల్లించేవాడూ మారాడు. ఈరోజు ఆ కాలువ (కర్నూలు–కడప, అంటే కె.సి. కాలువ) కింద మా కుటుంబం కూడా పంట పండిస్తోంది కనుక ఆ చూపు అబద్ధమని నేను అనను. అయితే, ఆ కాలపు రైతును అడగకుండా చూసిన చూపు అది.

మీ విషయానికి వస్తే, మినుము వేసి నష్టపోతే ఆ నష్టం ఎవరిది? మీ సొంత పొలం ఆ శివారులో ఉన్నదా?

జవాబు 3 (వ్యవసాయ శాఖలో పనిచేసినవారు):

ఒక్క మాట చెబుతాను. వరి కోతకు ముందే చల్లితే పెసర, మినుము నేలలో మిగిలిన పదునుతో ఎదుగుతాయన్నది నిజమే. కానీ మీ శివారు పొలాల్లో మురుగు నిలుస్తుందా, చౌడు ఉన్నదా అన్నది చూడకుండా ఊరంతటికీ ఒకే సలహా ఇవ్వడం మంచిది కాదు. అపరాలు నీటి ఎద్దడిని కొంతవరకు తట్టుకుంటాయి కానీ నిలవ నీటిని తట్టుకోవు. ఒప్పుకోని వారిలో పల్లపు చేలవారు ఎందరో ముందు లెక్క తీయండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కర్నూలు మిత్రులు అడిగినది సూటిగా తగిలింది. నా చేను కాలువ మధ్యలో ఉంది, దానికి నీటి ఇబ్బంది పెద్దగా లేదు. అంటే నేను చెప్పిన మార్పులో నా డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. ఈ సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు, ఊళ్లోవాళ్లకు మాత్రం తట్టే ఉంటుంది. మురుగు మాట కూడా నిజమే. గట్టిగా ఎదురు చెబుతున్న వారిలో ఎక్కువమందివి డ్రెయిను పక్క చేలు.

శివారులో మా మేనమామ గారి ఎకరం ఒకటి కౌలుకు దొరుకుతుంది. ఈ ఏడు దాన్ని నేనే తీసుకుని మినుము చల్లుతాను. సమావేశంలో తీర్మానం పెట్టాలనుకున్నది ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాను. డ్రెయిను పక్క రైతుల దగ్గరకు ఈ ఆదివారం వెళ్తున్నాను. వారిలో ఇద్దరు నాకు వరసకు బావలు, అయినా వారి చేలు ఎలా ఉన్నాయని నేను ఇంతవరకు అడిగిందే లేదు.