నాయనకి నోరు ఎండిపోతోంది: పైలోకార్పిన్ మాత్రలు వాడాలా, లక్ష్మణఫలం ఆకు కషాయమా?

చంద్రగిరి వాసి

నమస్కారం అందరికీ. మా నాయనకి బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత వేలూరులో రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అంతవరకు స్వామి దయ. కానీ రేడియేషన్ అయినప్పటి నుంచి నోట్లో ఉమ్మి ఊరడం లేదు. ప్రతి ముద్దకీ ఒక గుక్క నీళ్ళు తాగాల. సంగటి లేనిదే ఆయనకి పూట గడవదు, ఇప్పుడు ఆ సంగటే గొంతు దిగడం లేదు. రాత్రిపూట నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉలిక్కిపడి లేస్తాడు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

డాక్టరు గారు పైలోకార్పిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు పూటలు రాశారు. మాత్రలు కొని పెట్టుకున్నాం గానీ ఇంకా మొదలుపెట్టలేదు, ఎందుకంటే ఈలోగా పలమనేరు నుంచి మా పెదనాయన లక్ష్మణఫలం ఎండాకు ఒక సంచి నిండా తెచ్చాడు. పొద్దునా సాయంత్రం కాచి తాగితే క్యాన్సర్ మళ్ళీ రాదంట, నోరు కూడా బాగవుతుందంట, కీమో కంటే 10,000 రెట్లు పవర్ అని వాట్సాప్‌లో వచ్చిందంట. నేను చదివితే పైలోకార్పిన్ కూడా బ్రెజిల్ అడవిలో దొరికే ఒక ఆకులోంచే తీస్తారని ఉంది. ఆ మాట చెప్పగానే పెదనాయన పట్టుకున్నాడు. "రెండూ బ్రెజిల్ పక్క ఆకులే కదరా, ఇంక మాత్ర ఎందుకు, ఆకే మేలు" అంటున్నాడు. పెద్దాయన, ప్రేమతో తెచ్చాడు, గట్టిగా కాదనలేకపోతున్నా.

ఇంకో డౌటు. మా అమ్మకి కంట్లో లేజర్ చేసే ముందు వేసిన చుక్కల పేరు కూడా పైలోకార్పినే. కంటి మందు నోటికి ఎలా పనిచేస్తుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

మందుల షాపు, చిత్తూరు

తమ్ముడూ, ముందు మీ చివరి డౌటు తీరుస్తా, అది తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. అమ్మగారి చుక్కలూ నాయన మాత్రా ఒకే మందు. ఆ చెట్టు పేరు జాబొరాండి, బ్రెజిల్‌లో మరన్యావు, పియాయీ, పారా రాష్ట్రాల్లో పెరుగుతుంది. అక్కడివాళ్ళకి ఆ ఆకు నమిలితే చెమటలు పట్టి నోట్లో నీళ్ళు ఊరతాయని ముందు నుంచే తెలుసు. 1870ల్లో రెసీఫె ఊరి డాక్టరు సింఫ్రోనియో కౌతిన్యో ఆ ఆకుల్ని పారిస్ తీసుకెళ్ళి చూపించాడు. 1875లో పారిస్‌లో ఒకరు, లండన్‌లో ఒకరు వేర్వేరుగా అందులోంచి పైలోకార్పిన్‌ని విడదీశారు. మరో రెండేళ్ళకే కంటి డాక్టర్లు గ్లాకోమాకి, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి, వాడటం మొదలుపెట్టారు.

మన నరాలు గ్రంథులకీ కొన్ని కండరాలకీ "పని చెయ్యి" అని చెప్పడానికి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. పైలోకార్పిన్ వెళ్ళి సరిగ్గా అది అతుక్కునే చోటే అతుక్కుంటుంది. కంట్లో వేస్తే నీరు బయటికి పోయే దారి తెరుచుకుంటుంది, కంటిపాప చిన్నదవుతుంది, అందుకే లేజర్‌కి ముందు వేస్తారు. మింగితే ఉమ్మి గ్రంథులు ఊరడం మొదలుపెడతాయి. చెమట గ్రంథులు కూడా ఊరతాయి, అది తప్పదు. రేడియేషన్ తర్వాత నోరు ఎండిపోయేవాళ్ళ కోసం ఈ మాత్రకి అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది, అదీ మనుషుల మీద ఉత్త మాత్ర ఇచ్చి ఒక గుంపు, అసలు మాత్ర ఇచ్చి ఒక గుంపు పెట్టి పోల్చి చూసిన తర్వాతే.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. రేడియేషన్‌లో గ్రంథి పూర్తిగా మాడిపోయి ఉంటే ఏ మందూ దాన్ని ఊరించలేదు. కొంచెమైనా బతికి ఉంటేనే ఫలితం. అది కూడా వెంటనే తెలియదు, ఒక్కోసారి 12 వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి పనిచెయ్యలేదని ఆపేసేవాళ్ళని షాపులో చూస్తుంటా, బాధేస్తుంది.

మన తిరుపతి అంగళ్ళలో జాబొరాండి హెయిర్ ఆయిల్ అని దొరుకుతుంది, గుండు చేయించుకున్నాక జుట్టు ఒత్తుగా రావాలని కొంటారు. పేరు అదే కదా అని ఆ నూనెని గానీ హోమియో షాపులో దొరికే జాబొరాండి ద్రావణాన్ని గానీ ఈ మాత్రకి బదులుగా ఎవరూ వాడొద్దు. అందులో ఎంత మందు ఉందో కొలత తెలియదు.

రిటైర్డ్ కాంపౌండర్, పుత్తూరు

బాబూ, నేను ఆకు మందుని తీసిపారేసేవాణ్ణి కాదు. మా ఊరి కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం విరిగిన చేతులతో వస్తారు, కుదురుకుని పోతారు, కళ్ళారా చూసినవాణ్ణి. మీ పెదనాయన నమ్మకాన్ని అర్థం చేసుకోగలను. అందుకే ఆయన్ని తప్పుపట్టకుండా ఒక విషయం చెప్పండి.

మా సర్వీసు తొలి రోజుల్లో అమీబా వల్ల వచ్చే రక్త విరేచనాలకి ఎమెటిన్ ఇంజెక్షన్ ఉండేది. అది కూడా బ్రెజిల్ మొక్కదే, ఇపికాక్ వేరు. ఆ వేరు యూరప్‌లో 17వ శతాబ్దం నుంచే బంక విరేచనాల మందు. వేరుని పొడి చేసి మింగిస్తే ముందు వాంతి అయ్యేది, మందు కడుపులో నిలిచేది కాదు. అందులోంచి ఎమెటిన్‌ని విడిగా తీసి సూదితో ఇవ్వడం 1912లో మన కలకత్తాలోనే లియోనార్డ్ రోజర్స్ అనే డాక్టరు చేసి చూపించాడు. ఎంతమంది బతికారో ఆ మందుతో. అయితే అది గుండె మీద పడుతుంది. సూది వేసినన్నాళ్ళూ రోగిని మంచం దిగనిచ్చేవాళ్ళం కాదు, నాడి పట్టుకుని చూస్తూ ఉండాలి, మోతాదు కాస్త మించినా ప్రమాదం. మెట్రోనిడజోల్ వచ్చాక దాన్ని పక్కన పెట్టేశారు. ప్రాణం నిలిపిన మొక్కే ప్రాణం తీసే కొలత కూడా దాటగలదు, ఆ కొలత తెలిసినవాడి చేతిలోనే అది మందు. మీ సంచిలో ఆకుకి ఆ కొలత ఎవరు చెప్పారు? ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్ళు, ఎన్నాళ్ళు? మా పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళకి ఏ ఆకు ఎంతో తరతరాల లెక్క ఉంది. లక్ష్మణఫలం ఆకు కషాయానికి మన దగ్గర ఆ తరాల అనుభవం కూడా లేదు, మొన్నమొన్న వచ్చిన చెట్టు.

బోటనీ స్కాలర్, తిరుపతి

పైన పెద్దాయన చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నా, పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

లక్ష్మణఫలం మన సీతాఫలం కుటుంబందే. బ్రెజిల్‌లో గ్రావియోలా అంటారు. ఆకుల్లో, గింజల్లో, కొంత పండులో కూడా ఎసిటోజెనిన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటిలో పేరున్నది అనోనాసిన్. ఇవి కణం లోపల శక్తి తయారయ్యే చోట, అంటే మైటోకాండ్రియాలో, మొదటి మెట్టునే అడ్డుకుంటాయి. కణానికి శక్తి అందక చచ్చిపోతుంది. ఆ 10,000 రెట్లు అన్న లెక్క 1990ల్లో ప్రయోగశాలలో ప్లేటులో పెంచిన పేగు క్యాన్సర్ కణాల మీద ఇలాంటి ఒక పదార్థాన్ని ఆడ్రియామైసిన్ అనే కీమో మందుతో పోల్చినప్పుడు వచ్చింది. ప్లేటులో కణాలు, అంతే. మనిషిలో క్యాన్సర్ తగ్గిందని గానీ తిరగబెట్టకుండా ఆగిందని గానీ చూపించిన పరీక్ష కాదది. ఆ మాట వాట్సాప్‌లో ఎవరూ రాయరు.

అసలు భయం ఇక్కడ ఉంది. శక్తి ఆగిపోతే చచ్చేది క్యాన్సర్ కణం ఒక్కటే కాదు, మెదడులో నరాల కణాలు కూడా. కరీబియన్‌లో గ్వాడెలూప్ అనే దీవిలో పార్కిన్సన్‌ లాంటి జబ్బు, అదీ మామూలుగా ఇచ్చే లెవోడోపాకి లొంగని రకం, ఉండాల్సిన దానికంటే ఎక్కువమందిలో కనపడుతోందని 1999లో డాక్టర్లు రాశారు. వాళ్ళలో చాలామంది ఈ పండు బాగా తినేవాళ్ళు, ఆకు టీ రోజూ తాగేవాళ్ళు. ఎలుకలకి అనోనాసిన్ ఎక్కిస్తే మెదడులో అలాంటి నష్టమే కనపడింది. ఆకే కారణమని మనుషుల్లో ఖాయంగా రుజువు కాలేదు, నిజమే. కానీ ఆపరేషన్, రేడియేషన్ అన్నీ తట్టుకుని బయటపడిన మనిషికి ఈ అనుమానం ఉన్న కషాయాన్ని రోజుకి రెండుసార్లు నెలల తరబడి పోయడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఎప్పుడో ఒక పండు ముక్క తింటే ఏమీ కాదు, గింజలు తీసేసి తినొచ్చు. కషాయం వేరు.

ఇలాంటి కథే ఇంకోటి ఉంది, పెదనాయనకి చెప్పడానికి పనికొస్తుంది. బ్రెజిల్‌లో ఇపే అని గులాబీ పూల చెట్టు ఉంది, దాని దాయాదులే బెంగళూరు రోడ్ల పక్కన విరగబూస్తాయి. ఆ చెక్కలో లాపచాల్ అనే పదార్థం ఉంది. ఎలుకల్లో గడ్డల్ని తగ్గించింది. అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ దాన్ని మనుషులకి ఇచ్చి చూసింది. పనిచేసేంత మోతాదు రక్తంలోకి చేరకముందే వికారం, వాంతులు, రక్తం గడ్డకట్టే గుణం తగ్గిపోవడం. ఆపేశారు. అయినా ఆ బెరడు టీ క్యాన్సర్ మందని ఇప్పటికీ అమ్ముతున్నారు! అలాగని ఆ చెట్టు వృథా కాలేదు. ఆ జాతి పదార్థాల మీద 1940ల నుంచి సాగిన పనిలోంచే చివరికి అటోవాక్వోన్ అనే మలేరియా మందు వచ్చింది. ఎన్నో ఏళ్ళ చాకిరీ అది.

మీ నాయనకి ఆపరేషన్‌లో మత్తుతో పాటు కండరాలు వదులయ్యే మందు ఇచ్చే ఉంటారు. ఆ రకం మందుల్లో చాలావాటికి మూలం అమెజాన్ వాళ్ళు బాణాలకి పూసే కురారే. అది రక్తంలోకి వెళితే ఊపిరి ఆగిపోతుంది, అదే విషంతో చచ్చిన జంతువు మాంసం వండుకుని తింటే ఏమీ కాదు, ఎందుకంటే పేగులోంచి అది రక్తంలోకి దాదాపు ఎక్కదు. ఒకే పదార్థం, ఒక దారిన వెళితే విషం, ఇంకో దారిన వెళితే ఏమీ కాదు. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ దాన్ని శుద్ధి చేసిన రూపంలో ఆపరేషన్‌లో మొదటిసారి వాడాడు. కాబట్టి "రెండూ ఆకులే కదా" అన్న ప్రశ్నకి నా జవాబు ఇది: రెండూ ఆకులే, కానీ ఒకదాన్ని 1870ల నుంచి విడదీసి, తూచి, మనుషుల్లో పరీక్షించారు, రెండోది ఇంకా ప్లేటు దగ్గరే ఉంది.

జాబొరాండి గురించి ఒక్క మాట, నా సబ్జెక్టు కాబట్టి ఆగలేను. ఆకు కోసం కొమ్మలు నరికేసి ఆ చెట్టుని అక్కడ అంతరించే జాతుల జాబితా దాకా తెచ్చారు. ఇప్పుడు పారాలోని కారజాస్ అడవిలో చెట్టు మళ్ళీ చిగురించేలా ఆకు కోసే పద్ధతి పాటిస్తూ స్థానికులే ఏరుతున్నారు. శేషాచలంలో ఎర్రచందనం పరిస్థితి చూసినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

మదనపల్లె అక్క

మా ఆయనకి ఇదే మాత్ర వాడాం తమ్ముడూ. మొదట్లో చెమట బాగా పడుతుంది, బనియన్లు మార్చుకుంటూనే ఉండాలి, మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవాల్సి వస్తుంది. టెన్షన్ పడొద్దు, కానీ ఆ చెమటకి తగ్గట్టు నీళ్ళు తాగించండి, ఎండాకాలం అయితే మరీ. రాత్రిపూట చూపు కాస్త మసకగా ఉంటుంది, చీకట్లో బండి తోలనివ్వొద్దు. మా ఆయనకి నోరు మునుపటిలా కాలేదు గానీ అన్నం సులువుగా దిగుతోంది, రాత్రి నిద్ర పడుతోంది.

పళ్ళు జాగ్రత్త. ఉమ్మి లేకపోతే పళ్ళు చాలా తొందరగా పుచ్చిపోతాయి, ఫ్లోరైడ్ పేస్టు గురించి పళ్ళ డాక్టర్ని అడగండి. రేడియేషన్ పడిన దవడలో పన్ను పీకాలంటే క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా పీకించొద్దు. సంగటి కాస్త జారుగా చేసి పులుసు ఎక్కువ పోసి పెట్టండి, కారం తగ్గించండి. వక్క, పొగాకు ఇంట్లోనే ఉండకూడదు.

చంద్రగిరి వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా పెదనాయనకి చదివి వినిపించా. ఎమెటిన్ సంగతి విన్నాక మెత్తబడ్డాడు, ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఎవరికో ఆ సూదులు వేశారంట. ఆకు సంచి పక్కన పెట్టేశాం. అయితే ఒకటి అడగాలి, నాయనకి చలికాలంలో ఆయాసం వస్తుంది, పీల్చే మందు వాడతాడు. క్యాన్సర్ డాక్టరుకి ఆ సంగతి చెప్పామో లేదో గుర్తులేదు. మాత్ర మొదలుపెట్టొచ్చా?

మందుల షాపు, చిత్తూరు

ఆగండి, మొదలుపెట్టొద్దు. ఈ మందు ఊపిరి గొట్టాల కండరాల్ని కూడా బిగిస్తుంది, కఫం పెంచుతుంది. ఆయాసం అదుపులో లేనివాళ్ళకి ఇది ఇవ్వరు, అదుపులో ఉంటే డాక్టరు చూసుకుని ఇస్తారు. గుండె జబ్బు ఉన్నా, బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్రలు వాడుతున్నా చెప్పాలి. రేపే ఫోన్ చేసి, పీల్చే మందు పేరు, మిగతా మాత్రల పేర్లు అన్నీ చదివి వినిపించండి. కంటి సంగతి కూడా అడగండి, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవాళ్ళకి చుక్కలు పనికొచ్చినా మింగే మాత్ర పనికిరాకపోవచ్చు. డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి.

చంద్రగిరి వాసి

సరే అన్నా. మందుల పెట్టె ముందు పెట్టుకుని పేర్లన్నీ రాసుకుంటున్నా, పొద్దున్నే ఫోన్ చేస్తా.