మంచు రోడ్డు మీద కారు గిర్రున తిరిగింది: ఏ డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళమంటారు?

గోంగూరపచ్చడి (రెడ్మండ్, వాషింగ్టన్):

అందరికీ నమస్కారం. పోయిన డిసెంబరులో లెవెన్‌వర్త్ ఊళ్ళో క్రిస్మస్ దీపాలు చూసి తిరిగి వస్తున్నాం. స్టీవెన్స్ పాస్ కనుమ దిగుతుండగా రోడ్డు తడిగా ఉందనుకున్నాను. తడి కాదు, గాజుపలకలాంటి మంచు. వేగం గంటకు 40 మైళ్ళ లోపే. ముందు కారు లైట్లు ఎర్రగా వెలగగానే నేనూ బ్రేకు తొక్కాను. పాదం కింద పెడలు గడగడలాడింది. ఏదో విరిగిందనుకుని భయంతో కాలు తీసేశాను. ఆ తరవాత స్టీరింగ్ ఎటు తిప్పానో నాకే గుర్తు లేదు. కారు ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి, పక్కనున్న మంచు గుట్టలో దిగబడింది. వెనక సీట్లో మా అమ్మాయి ఒళ్ళో ఉన్న పులిహోర డబ్బా మూత కూడా ఊడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పెడలు అలా వణికితే ఏబీఎస్, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పని చేస్తున్నట్టని ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను. ఈ దేశంలో పదకొండేళ్ళుగా కారు నడుపుతున్నాను, ఆ వణుకు ఎరగడం అదే మొదటిసారి. లైసెన్సు పరీక్షలో మూల మీదుగా వెనక్కి నడపమన్నారు, వాలులో ఆపమన్నారు. జారితే ఏం చేస్తావని ఎవరూ అడగలేదు. మా నాన్నగారు ఆర్టీసీ డ్రైవరు, గుంటూరు డిపోలో రిటైరయ్యారు. ఫోనులో అంతా విని, "లైసెన్సు వేరు, నడపడం వేరు తల్లీ" అన్నారు. కోపం వచ్చింది గానీ జవాబు దొరకలేదు.

ఇప్పుడు నేర్చుకోవాలి. స్నోక్వాల్మీలో డర్ట్‌ఫిష్ ర్యాలీ స్కూలు ఉంది, కంకర, మట్టి దారుల మీద నడపడం నేర్పుతారు. కెంట్‌లో పసిఫిక్ రేస్‌వేస్ ట్రాక్ మీద నేర్పేవాళ్ళు ఉన్నారు. మా ఆయన స్నేహితుడైతే స్కిప్ బార్బర్ లాంటి పేరున్న రేసింగ్ స్కూలుకు వెళ్ళి మూడు రోజులు ఉండమంటున్నాడు. నాకు రేసులు వద్దు. వయసు 43, కారు ముందు చక్రాలతో నడిచేది. అమ్మాయికి మార్చిలో 16 నిండుతాయి, అప్పటినుంచి తాళం చెవి తన చేతికి వస్తుంది. అసలు భయం అదే.

పాతటైరు:

నేను ఈ స్కూళ్ళకు తప్పు వరసలో వెళ్ళినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ముందు ట్రాక్ మీదికే వెళ్ళాను. బాగుంది, అబద్ధం చెప్పను. మలుపులో బానెట్ వైపు కాకుండా మలుపు దాటాక వచ్చే రోడ్డు వైపు చూడడం అక్కడే అలవాటైంది. కానీ ట్రాక్ మీద ఆ వేగంలో జారితే గోడే, కాబట్టి జారకుండా నడపడమే నేర్పుతారు. మీకు కావలసింది జారాక ఏం చేయాలన్నది. ఆ రెండూ ఒకటి కావు.

ఇంకో మాట. సొంత కారుతో ట్రాక్‌కు వెళ్ళే ముందు బీమా కాగితాలు చదవండి, మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించవు. బ్రేకు ద్రవం కూడా మార్పించుకోండి. నాది పాతది, మధ్యాహ్నానికి మరిగిపోయి పెడలు మెత్తటి దిండులా నేలకు దిగింది. ఆ రోజు చెమట ఇంకా గుర్తుంది.

కొండమలుపు:

డర్ట్‌ఫిష్‌కు నేను వెళ్ళానండి. ఒకప్పుడు వేయర్‌హాయ్‌సర్ వాళ్ళ కలప మిల్లు ఉన్న స్థలం అది. అంతా కంకర, బురద. కంకర మీద గొప్పతనమేమిటంటే తక్కువ వేగంలోనే కారు జారుతుంది, అందుకని ఒకే తప్పు ఇరవై సార్లు చేయవచ్చు. కారు వాళ్ళదే, గీతలు పడితే మనకు నిద్ర చెడదు. యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకు వాలి, ముందు టైర్లు నేలను పట్టి, ముక్కు లోపలికి తిరుగుతుందని నాకు అక్కడే ఒంటికి తెలిసింది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు.

ఒక చిక్కు ఉంది. నేను నడిపినవి నాలుగు చక్రాలూ లాగే సుబారులు. మీ కారు నడవడి వేరు. ఏ స్కూలుకు ఫోను చేసినా ముందు రెండు ప్రశ్నలు అడగండి: రోజు మొత్తంలో స్టీరింగ్ నా చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటుంది? ఒక శిక్షకుడికి ఎంతమంది? తెల్లబోర్డు ముందు సగం రోజు కూర్చోబెట్టే చోటికి వెళ్ళకండి.

రెండోగేరు:

గోంగూరపచ్చడి గారూ, మీకు దగ్గరి దారి ఒకటుంది. ఇక్కడి బీఎండబ్ల్యూ యజమానుల క్లబ్బు కార్ కంట్రోల్ క్లినిక్ అని, కారును అదుపులో పెట్టడం నేర్పే తరగతి నడుపుతుంది. ఏ కంపెనీ కారైనా రానిస్తారు, సొంత కారులోనే చేయిస్తారు. ఖాళీ మైదానం, ప్లాస్టిక్ కోన్‌లు, నీళ్ళు చల్లిన వృత్తం. ముందు అది, తరవాత కంకర, ఇంకా సరదా మిగిలితే ట్రాక్.

అమ్మాయికి స్ట్రీట్ సర్వైవల్ అనే ఒక్కరోజు శిక్షణ ఉంది, 15 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకు. అదీ సొంత కారులోనే. పెద్ద లారీలో కూర్చోబెట్టి డ్రైవరుకు ఏ కార్లు కనబడవో చూపిస్తారు.

శీతాకాలం టైర్లు ఉన్నాయా? పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉండాలి. నాలుగు చక్రాలు లాగే కారు కొంటే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది బయలుదేరడానికి సాయం, ఆగడానికి కాదు.

మియాపూర్‌వాసి:

హైదరాబాదు నుంచి చదువుతున్నాను, కాస్త అసూయగా ఉంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు రేసు కార్లు పరుగెత్తాయి. నేను తడి నేల మీద బ్రేకు తొక్కి నేర్చుకోవడానికి మాత్రం ఒక మైదానం దొరకలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళదామనుకుంటే అక్కడ నాకు కనిపించినవన్నీ రేసర్ల కోసం పెట్టిన తరగతులే.

గోంగూరపచ్చడి:

శనివారం క్లినిక్‌కు వెళ్ళివచ్చాను. మొదటి పాఠం బ్రేకు. 30 మైళ్ళ నుంచి ఒకసారి, 45 నుంచి ఒకసారి, కోన్ దగ్గర బలమంతా పెట్టి తొక్కమన్నారు. సరిగ్గా తొక్కినా 45 నుంచి ఆగడానికి రెట్టింపు కన్నా ఎక్కువ దూరం పడుతుందట. నేను అంతకంటే అవతల ఆగాను, ఎందుకంటే పెడలు వణకగానే కాలు దానంతట అదే లేచిపోయింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఏమీ అనలేదు, మళ్ళీ వెళ్ళమన్నారు. అయిదోసారికి కాలు నిలబడింది. ఆ తరవాత బ్రేకు వదలకుండానే స్టీరింగ్ తిప్పి కోన్‌ను తప్పించమన్నారు. ఏబీఎస్ ఉన్నది అందుకేనట, చక్రాలు బిగుసుకుపోతే కారు తిరగదు కాబట్టి.

తడి వృత్తంలో ముందు చక్రాలు జారి కారు బయటికి పోతోంది. నేను స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పుతున్నాను. ఆయన చెయ్యి చాచి దాన్ని కొంచెం వెనక్కి తిప్పి, "యాక్సిలరేటరు మెల్లగా వదలండి" అన్నారు. టైర్లు మళ్ళీ నేలను పట్టాయి. తక్కువ తిప్పితే ఎక్కువ తిరగడమేమిటో అర్థం కావడానికి మధ్యాహ్నమైంది. కోన్ వైపు చూసిన ప్రతిసారీ కోన్‌ను గుద్దాను. మొత్తం తొమ్మిది.

నాన్నగారికి చెబితే నవ్వారు. "శ్రీశైలం ఘాట్‌లో వానకు బస్సు ముందు జారితే మేమూ స్టీరింగ్ కాస్త వదిలేవాళ్ళం. దానికి డబ్బు కట్టావా?" అన్నారు.

అమ్మాయి పేరు ఏప్రిల్ తరగతికి రాయించాను. నాకు కంకర మీద ఒక పూట చాలనిపిస్తోంది. ఒక చిన్న సాయం కావాలి. ముందు బంపరు మీద కోన్‌ల నారింజ రంగు చారలు పడ్డాయి, సబ్బుకు పోవడం లేదు. మా ఆయన టూత్‌పేస్టు పెట్టి రుద్దుతానంటున్నాడు. రుద్దనివ్వనా?