పల్లి చేను తెల్లబడుతున్నది, సూడోమోనాస్ పొడి వేస్తే ఇనుము అందుతదా?

పరకాల_రైతుబిడ్డ:
అందరికి నమస్తే. మాది పరకాల దిక్కు, యాసంగిల బోరు కింద పల్లి వేసినం, సగం చెల్క సగం నల్లరేగడి. చెల్కల మంచిగనే ఉన్నది గని రేగడి దిక్కు కొస ఆకులు ముందు పసుపు తిరిగి ఇప్పుడు తెల్లబడుతున్నయి, ఈనెలు మాత్రం పచ్చగనే కనపడుతున్నయి, కింది ఆకులకు ఏం కాలే. మందుల షాపాయన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పొడి ఇచ్చిండు, ప్యాకెట్ మీద సైడెరోఫోర్లు ఇనుమును పట్టి మొక్కకు ఇస్తయని రాసున్నది, ఇది వేస్తే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు) అక్కర్లేదు అంటుండు. నాయినేమో అన్నభేదే కొడదాం అంటుండు. అసలు భూమిల ఇనుము లేకనే ఇట్లయితదా? ఈ సైడెరోఫోర్ అంటే ఏంది, నిజంగ పనిచేస్తదా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

నల్లరేగడి:
ముందుగాల మీ నాయిన మాట విను తమ్మీ. కొస ఆకు తెల్లబడి ఈనె పచ్చగ ఉన్నదంటే అది ఇనుము లోపమే, నత్రజని తక్కువైతే కింది ఆకులు ముందు పసుపైతయి. భూమిల ఇనుము లేక కాదు, మస్తు ఉంటది, కాకపోతే రేగడిల సున్నం పాలు ఎక్కువ ఉండి పీహెచ్ 8 దాక పోతే ఆ ఇనుమంత తుప్పు లెక్క గట్టిపడి కూసుంటది, వేరుకు కరిగి రాదు, దానిమీద బోరు నీళ్లు ఎక్కువ పారిస్తే నీళ్లల్ల ఉండే బైకార్బొనేట్‌తోని ఇంకింత ముదురుతది. అందుకే తడికి తడికి నడుమ నేలను కొంచెం ఆరనియ్యి. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు, సాయంత్రం పూట ఆకులు తడిసేటట్టు కొట్టు, వారం గ్యాప్‌తో రెండు మూడు సార్లు. నిమ్మ ఉప్పు ముందు కలిపి తర్వాత అన్నభేది వెయ్యాలె, కలిపినంక వెంటనే కొట్టెయ్యాలె, నిల్వ ఉంచితే నీళ్లు గోధుమ రంగు తిరుగుతయి, ఇంక ఆకు తీసుకోదు. కొనేటప్పుడు కూడ చూడు, పలుకులు లేత ఆకుపచ్చగ ఉండాలె, పసుపు పొడి పట్టినయి తీసుకోకు.

హన్మకొండ_మైక్రోబయాలజీ:
పై అన్న స్ప్రే గురించి చెప్పింది కరెక్ట్, సైడెరోఫోర్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ దీనిమీదనే. ఇనుము లేకుంటే బ్యాక్టీరియా కూడ బతకదు, అందుకే ఇనుము దొరకనప్పుడు చిన్న చిన్న అణువులు తయారుచేసి బయటికి వదులుతది, వాటినే సైడెరోఫోర్లు అంటరు, అవి పోయి ఫెర్రిక్ ఇనుమును (తుప్పుల ఉండే రూపం) పట్టుకుంటయి, ఇనుముతో సహా మళ్ల కణం లోపలికి తీసుకుంటది. ఈ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా చేసే ఎంటెరోబాక్టిన్ అనే సైడెరోఫోర్ పట్టు ఎంత గట్టిదంటే, ఆ పట్టును కొలిచే స్థిరాంకం 1 పక్కన 49 సున్నాలు. మీ ప్యాకెట్ల ఉన్న సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ చేసే సైడెరోఫోర్ పేరు పయోవెర్డిన్. ఇనుము తక్కువ ఉన్న మీడియంల పెంచితే ప్లేటంత పసుపుపచ్చగ అయితది, యూవీ లైట్ కింద పెడితే మెరుస్తది, అదే ద్రవంల ఒక్క చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే కళ్లముందే గోధుమ రంగు తిరిగి ఆ మెరుపు ఆరిపోతది. ల్యాబ్‌ల దీన్ని పట్టడానికి 1987ల వచ్చిన సీఏఎస్ (క్రోమ్ అజురోల్ ఎస్ అనే రంగుతో చేసే) పరీక్ష ఉంటది, నీలం అగార్ మీద కాలనీ చుట్టు నారింజ రంగు వలయం వస్తే సైడెరోఫోర్ ఉన్నట్టు.

ఇప్పుడు అసలు విషయం. దీని పెద్ద పని మొక్కకు ఇనుము తినిపించుడు కాదు, వేరు చుట్టు ఉన్న ఇనుమును ముందే గుంజుకుని కుళ్లు తెగుళ్ల శిలీంధ్రాలకు దొరకకుండ చేసుడు. 1980ల కాలిఫోర్నియా సైంటిస్టులు ఆలుగడ్డ మీద చేసిన పనిల సైడెరోఫోర్ ఒక్కటే ఇచ్చినా మొక్క బాగ పెరిగింది, అదే ఇనుముతో కలిపి ఇస్తే ఆ లాభం రాలే. కొన్ని మొక్కలు పయోవెర్డిన్ పట్టిన ఇనుమును తీసుకుంటయని ప్రయోగాలల్ల తేలింది, కాదనను, గని తెల్లబడ్డ చేనును పొడి వేసి పచ్చగ చేయొచ్చని షాపాయన అన్నది మాత్రం నేను ఒప్పుకోను. దుంపకుళ్లు, వేరుకుళ్లు రాకుండ విత్తనశుద్ధికి, మాగిన పశువుల ఎరువుల కలిపి వేసుకోనీకి మంచిదే.

మక్క, వరి లాంటి గడ్డిజాతి పంటలైతే తమ వేర్లనుంచే ఇసొంటి అణువులను వదులుతయి. చైనాల సున్నపు నేలల్ల పల్లి పక్కన మక్క వేస్తే పల్లికి ఇనుము బాగ అందిందట. వచ్చే యాసంగిల రేగడి దిక్కు నాలుగు సాళ్లు వేసి చూడు అన్నా.

ములుగురోడ్_అమ్మ:
పల్లి గురించి నాకు తెల్వదు గని సైడెరోఫోర్ అంటే రాయాలనిపించింది, మా బాబుకు తలసేమియా, మాటిమాటికి రక్తం ఎక్కియ్యాలె. ఒక్క రక్తం ప్యాకెట్‌ల 200 మిల్లీగ్రాముల పైన ఇనుము ఉంటది, ఒంటికేమో దాన్ని బయటికి పంపే దారి లేదు, గుండెల కాలేయంల పేరుకుంటది. దాన్ని తీసే డెస్ఫెరాల్ మందు కూడ సైడెరోఫోర్ జాతిదే, స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చింది. రాత్రి పూట పొట్ట చర్మం కింద చిన్న సూది పెట్టి పంపుతో 8 నుంచి 12 గంటలు ఎక్కియ్యాలె, పొద్దుగాల మూత్రం ఎర్రగ వస్తది, మొదటిసారి చూసి భయపడ్డ, అది మందు పట్టుకొచ్చిన ఇనుమే అని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు గోళీలు వచ్చినయి, అవి ఫ్యాక్టరీల చేసినయి. పంపు వాడేటోళ్లు ఒకటి యాద్ పెట్టుకోండ్రి, జ్వరం వస్తే పంపు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలె.

హన్మకొండ_మైక్రోబయాలజీ:
అవును అక్కా, యెర్సినియా బ్యాక్టీరియా, బ్లాక్ ఫంగస్ తెచ్చే జాతి శిలీంధ్రాలు డెస్ఫెరాల్ పట్టిన ఇనుమును తమకు గుంజుకుంటయి, అందుకే జ్వరం అంటే అంత జాగ్రత్త. దీన్నే తిప్పి వాడుకున్న మందు సెఫిడెరొకాల్, యాంటీబయాటిక్‌కు సైడెరోఫోర్ ముక్క తగిలించిండ్రు, ఇనుము వస్తున్నదనుకుని బ్యాక్టీరియానే దాన్ని లోపలికి తీసుకుంటది. 2019ల అమెరికాల అనుమతి వచ్చింది.

పరకాల_రైతుబిడ్డ:
అందరికి మస్తు థ్యాంక్స్. అక్కా, బాబు మంచిగుండాలె. ఒక్క డౌట్, పొడి ఎట్లనో కొన్న గద, అన్నభేదిలనే కలిపి కొట్టొచ్చా?

నల్లరేగడి:
వద్దు తమ్మీ, ఆ పుల్లటి నీళ్లల్ల బ్యాక్టీరియాకు పని లేదు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి నీడకు పెట్టు, మాగిన ఎరువుల కలిపి నేల తడి ఉన్నప్పుడు సాళ్లల్ల చల్లు, దానికి దగ్గర దగ్గర రోజులల్ల కాపర్ మందులు వాడకు. స్ప్రే పనిచేసిందా లేదా అనేది కొత్తగ వచ్చే ఆకు చూసి చెప్పు.