వారం ఇంజెక్షన్ మొదలుపెట్టాక అర్ధరాత్రి షుగర్ పడిపోతోంది, ఇన్సులిన్‌తో కలిపి వాడుతున్నవాళ్లు చెప్పండి

నిద్రలేని రాత్రి
పదకొండేళ్లుగా టైప్ 2 షుగర్. పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర, పడుకోబోయే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ 38 యూనిట్లు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6 దగ్గర కదలకుండా కూర్చుందని డాక్టర్ సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ రాశారు. వారానికి 0.25 మిల్లీగ్రాములు, నాలుగు వారాలయ్యాక 0.5. ఇన్సులిన్ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మొన్న రాత్రి 2:40కి మెలకువ వచ్చింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ల వణుకుకి స్ట్రిప్ మీటర్‌లో దూరలేదు, మూడోసారికి దూరింది. 54. ఈ వారంలో ఇది రెండోసారి. కొత్త మందు ఆపేయనా?

పెన్ సూది
తొందరపడకండి. ఆ ఇంజెక్షన్ షుగర్ ఎక్కువున్నప్పుడే పాంక్రియాస్‌తో ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, తగ్గగానే ఊరుకుంటుంది. ఒంటరిగా అది 54కి లాగడం అరుదు. లాగేవి మీ పాత మందులు రెండూ. గ్లిమెపిరైడ్‌కి ఆ విచక్షణ లేదు, షుగర్ ఎంతున్నా పాంక్రియాస్‌ని పిండుతూనే ఉంటుంది. నాకు మొదలుపెట్టిన రోజే ఆ రకం మాత్ర ఆపి, బేసల్ ఇన్సులిన్ (మీ గ్లార్జిన్‌లా రోజంతా నెమ్మదిగా పనిచేసేది) 20 శాతం తగ్గించారు. అప్పటికి నా హెచ్‌బీఏ1సీ 7.8. పది ఉన్నవాళ్లకి అసలు తగ్గించకపోవచ్చు, కాబట్టి నా లెక్క మీరు కాపీ కొట్టొద్దు. పొద్దున్నే ఫోన్ చేసి రెండు రాత్రుల రీడింగులూ చదివి వినిపించండి. ఈలోపు 70 కిందికి పడితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్లీ చెక్.

మూడో పూట
నాది రివర్స్ కథ. ఇన్సులిన్‌కి తోడు ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చారు. ఇది ఎక్కువైన షుగర్‌ని మూత్రంలో పంపేసే రకం. నంబర్లు చక్కగా దిగాయి. ఆ సంబరంలో నా అంతట నేనే ఇన్సులిన్ 24 నుంచి 8కి దించేశాను. నెల తిరక్కుండానే జ్వరం, వాంతులు. మీటర్‌లో 188. అంతేగా, టెన్షన్ ఎందుకని పడుకున్నాను. సాయంత్రానికి కూర్చున్నచోటే ఆయాసం, మెట్లెక్కినవాడిలా రొప్పుతున్నాను. రక్తంలో కీటోన్లు (కొవ్వు కాలినప్పుడు పుట్టే ఆమ్లాలు) బాగా పెరిగాయని ఐసీయూలో పెట్టారు.

తర్వాత డాక్టర్ విడమరిచి చెప్పారు: షుగర్ మూత్రంలో పోతోంది కాబట్టి మీటర్ మంచిగానే కనబడుతుంది, లోపల ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వుని కాల్చుకుని కీటోన్లు తయారు చేస్తుంది. దీని గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించిందట. నాకు ఐసీయూలో తెలిసింది! జ్వరమో వాంతులో వస్తే ఆపాల్సింది ఆ మాత్ర, ఇన్సులిన్ కాదు. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఆ మాత్ర మానాలి.

కొత్తగా చేరా
అంటే వారం ఇంజెక్షన్ బాగా పనిచేస్తే ఇన్సులిన్ మానేయొచ్చా? మా బావగారు మానేశారు, హాయిగా ఉన్నారు.

పెన్ సూది
బావగారి పాంక్రియాస్ బావగారిది. కొందరికి మానడం కుదురుతుంది, అదీ డాక్టర్ మెల్లగా తగ్గిస్తూ పోతే.

అక్కకి తోడు
మా అక్కకి 41 ఏళ్లకి షుగర్ వస్తే వయసు చూసి టైప్ 2 అనుకున్నారు. ఎవరో చెప్పిన మాట విని ఇన్సులిన్ తగ్గించుకుంటూ పోయింది, మనిషి చిక్కిపోయింది. సీ-పెప్టైడ్ (ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), గ్యాడ్ యాంటీబాడీ (ఒళ్లే తన పాంక్రియాస్ మీద దాడి చేస్తోందా అని చూసేది) పరీక్షలు చేస్తే తేలింది, అది నెమ్మదిగా ముదిరే టైప్ 1. లాడా అంటారు. వీళ్లకి ఏ కొత్త మందూ ఇన్సులిన్‌కి బదులు కాదు. సన్నగా ఉండి, మాత్రలు త్వరగా పనిచేయడం మానేసినవాళ్లు ఆ పరీక్షల గురించి అడగండి.

రెండు పెన్నుల మనిషి
భోజనం ముందు ఇన్సులిన్ కూడా తీసుకునేవాళ్లకి ఒక మాట. వారం ఇంజెక్షన్ పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది. తిన్నది ఇంకా పొట్టలోనే, ఇన్సులిన్ మాత్రం రక్తంలో పని మొదలెట్టేసింది. నాకు తిన్న గంటకి షుగర్ పడిపోయేది, నాలుగు గంటలకి పెరిగిపోయేది. వికారంతో సగం తిని లేచిన రోజు మరీ ఘోరం. డాక్టర్‌తో మాట్లాడి ఆ డోసు, టైమింగ్ రెండూ మార్చుకున్నాను. రెండు మందులూ ఒకే సిరంజిలో కలపకండి. పొట్ట మీదే వేసుకోవచ్చు, పక్కపక్కన పొడవకుండా.

అన్నట్టు, కళ్లు చూపించుకున్నారా? 2016లో వచ్చిన సెమాగ్లుటైడ్ ట్రయల్‌లో, ముందే రెటీనా దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఇబ్బంది ముదిరింది. షుగర్ ఒక్కసారిగా దిగడమే కారణమై ఉండొచ్చంటారు.

నిద్రలేని రాత్రి
అందరికీ థ్యాంక్సండీ. గ్లిమెపిరైడ్ ఆపించారు, గ్లార్జిన్ 30కి దించారు. అలారం పెట్టుకుని మూడు రాత్రులూ మూడింటికి చూశాను: 112, 121, 108. పరగడుపు కాస్త పెరిగి 140 దగ్గరుంది, రెండు వారాలు ఇలాగే చూద్దామన్నారు. కళ్ల డాక్టర్ దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాను. చుక్కలు వేశారు, అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి, రిపోర్టు సంగతి రేపు రాస్తాను.