అవక్షేప శిల అనాలా, మేటరాయి అనాలా?

ప్రశ్న (విజయవాడ): సెడిమెంటరీ రాక్‌ని పుస్తకాల్లో ‘అవక్షేప శిల’ అంటున్నారు. కెమిస్ట్రీ పాఠంలో అవక్షేపమంటే పరీక్షనాళికలో అడుగుకు దిగే ప్రెసిపిటేట్. కృష్ణ వరద తీశాక లంక పొలాల్లో మిగిలేదాన్ని మాత్రం ‘ఇసుక మేట వేసింది’ అంటాం. మరి మేటరాయి అంటే తప్పేముందండీ?

జవాబు (గుంటూరు): అవ అంటే కిందికి, క్షేపం అంటే పడవేయడం. ఎవరు తెచ్చి పడేశారో ఆ మాటలో లేదు. ‘మేట’ అనగానే ఏరు కళ్లకు కడుతుంది. కోట్ల ఏళ్ల కిందటి భూగోళం పటం గీసేవాళ్లు ఇసుకరాయిని అడిగేదీ అదే: నీరు ఎటు పారింది, ఇసుక ఏ కొండది?

ఇసుకరాయిని పక్కనుంచి చూడండి. పెద్ద పొర లోపల సన్న పొరలు ఏటవాలుగా, చాలాసార్లు 20–30 డిగ్రీల వాలుతో ఉంటాయి. ఏటి అడుగున ఇసుక తిన్నె ముందుకు జారిన గుర్తులవి. వాలు ఎటో ప్రవాహం అటు. ఒకే ముఖం చూసి కొలిస్తే నిజమైన వాలు దొరకదు, రెండు ముఖాలైనా కావాలి. ఒకచోట పాతిక కొలతలు తీస్తేగానీ దిక్కు నిలవదు. రాయి తర్వాత ఒరిగిపోయి ఉంటే ముందు పెద్ద పొరను లెక్కలో మట్టసం చేయాలి. ఇది మరిస్తే ఏటి దిక్కు తప్పు చెబుతాం. ఇక కొండ ఆచూకీ ఇసుకలో ఉండే జిర్కాన్ అనే గట్టి ఖనిజం రేణువుల వయసు చెబుతుంది. ఆ వయసు రాళ్లు ఎగువన ఎక్కడా లేకపోతే, ఆ కొండ అరిగిపోయి ఉండొచ్చు, లేదా ఖండం చీలి అవతలికి పోయి ఉండొచ్చు.

జవాబు (విజయవాడ): గురువుగారూ, ఒక్క అభ్యంతరం. పల్నాడు నాపరాయిని ఏ ఏరూ మేట వేయలేదు. గవ్వలున్న జీవులు పుట్టకముందటి సముద్రంలో, నీటిలో కరిగిన సున్నమే విడివడి బురదగా పేరుకుంది. కెమిస్ట్రీవాళ్ల అవక్షేపం అక్కడ అతికినట్టు సరిపోతుంది. దాన్నీ మేటరాయి అంటే పిల్లలు లేని నదిని వెతుకుతారు.

జవాబు (గుంటూరు): ఒప్పుకున్నానండీ. మొత్తం జాతికి అవక్షేప శిలే ఉంచుదాం, ఇసుకరాయికీ బురదరాయికీ మేటరాయి అందాం. గోదావరి లోయ బొగ్గు పొరలకు అడుగున, ఒడిశాలోని తాల్చీర్ పేరుతో పిలిచే గుండ్రాళ్ల పొర ఉంది, సుమారు 30 కోట్ల ఏళ్లనాటిది. ఏరు జల్లెడ పట్టినట్టు వేస్తుంది. కదిలే మంచు (హిమానీనదం) మాత్రం గుండునీ బురదనీ కలగలిపి వదిలేస్తుంది, ఈ పొర అలా వేసినదే. అలాంటి పొరలే ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో దొరికాయి, ఇవన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న గోండ్వానా నేల అనడానికి అదీ ఒక ఆధారం. దానికి ‘మంచుమేట’ అంటే నాకు నచ్చుతుంది.