ఓర్వకల్లు (కర్నూలు విమానాశ్రయం) నుంచి విశాఖకు 8 సీట్ల చార్టర్ (అద్దె విమానం) గిట్టుబాటవుతుందా?

సీమరెక్క: నాపరాయి, విత్తనాల వ్యాపారులం కొందరం కలిసి నెలకు నాలుగైదు సార్లు కింగ్ ఎయిర్ బి200 అనే చిన్న రెండింజన్ల విమానం మాట్లాడుకుందామనుకుంటున్నాం. పొద్దున వెళ్లి సాయంత్రం రావాలి. రన్‌వే 2,000 మీటర్లుంది కదా, విమానాన్ని ఓర్వకల్లులోనే ఉంచితే మేలా, హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటే మేలా?

టర్బోప్రాప్: రన్‌వేకి దిగుల్లేదు, దీనికంటే చాలా పెద్దవైన ఏటీఆర్ విమానాలే దిగాయి. డబ్బు పోయేది ఖాళీ ప్రయాణాల్లో. హైదరాబాద్–ఓర్వకల్లు సుమారు 35 నిమిషాలు, ఓర్వకల్లు–విశాఖ గంటా ఇరవై. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే రానూపోనూ మొత్తం 3 గంటల 50 నిమిషాలైతే అందులో మీరు కూర్చునేది 2 గంటల 40. బిల్లు మాత్రం మొత్తానికీ పడుతుంది, పైన 18 శాతం జీఎస్టీ, విశాఖలో పార్కింగ్, సిబ్బంది వెయిటింగ్. అయినా తెప్పించుకోవడమే నయం. ఐదు ట్రిప్పులకు మీ ప్రయాణం నెలకు పద్నాలుగు గంటలు కూడా కాదు. పైలట్ల జీతాలు, బీమా, హ్యాంగరు ఆ కొద్ది గంటల మీదే పడితే ఎవరికీ గిట్టదు.

ఇంధనం ఓర్వకల్లులో దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. హైదరాబాద్‌లో నింపుకుని ఖాళీగా వచ్చి, విశాఖలో మళ్లీ పోయించుకోవాలి. గంటకు సుమారు 270 కిలోలు. విశాఖ–ఓర్వకల్లు–హైదరాబాద్‌కు 520, రిజర్వు (అత్యవసరానికి మిగుల్చుకునే ఇంధనం) 300 కలిపి 820 కిలోలు. ఏడుగురు సామానుతో ఎక్కినా విమానం మొత్తం బరువు 5,670 కిలోల పరిమితి దాటదు.

ఏప్రాన్: పై లెక్క సరైనదే, కానీ ట్రిప్పు తప్పిపోయేది వాచ్ అవర్స్ (విమానాశ్రయం పనిచేసే వేళలు) దగ్గర. షెడ్యూల్ విమానాల వేళలు దాటితే టవరు, ఫైరింజను, సెక్యూరిటీ ఉండరు. పొడిగింపు ముందే రాతపూర్వకంగా అడిగి, రుసుము కట్టి, జవాబు చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. వీఎఫ్ఆర్ (పైలట్ కంటిచూపుతో నడిపే పద్ధతి) మాత్రమే ఉన్న రోజున సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలే గడువు. డిసెంబరులో సూర్యుడు 5:45కే దిగుతాడు. విమానం మిమ్మల్ని దింపి మళ్లీ లేవాలి కాబట్టి విశాఖలో సాయంత్రం 4కే బయలుదేరాలి.

ఇంకోటి, ఆపరేటర్‌ను ఎన్‌ఎస్‌ఓపీ పర్మిట్ (విమానాన్ని అద్దెకు తిప్పే అనుమతి) అడిగి, మీకిచ్చే విమానం వీటీ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) అందులో ఉందో లేదో చూడండి. ప్రైవేటు కేటగిరీ విమానాన్ని అద్దెకు తిప్పకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది దీన్నే.

సీమరెక్క: మే నెల మధ్యాహ్నాల ఎండలో ఇబ్బంది ఉండదా?

టర్బోప్రాప్: వెయ్యి అడుగుల ఎత్తు, 42 డిగ్రీలంటే వేడికి గాలి పలచబడి, ఇంజనుకు 4,500 అడుగుల మీద ఉన్నట్టే. ఈ రన్‌వేకి ఫర్వాలేదు. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఇంజను హాట్ స్టార్ట్ (స్టార్ట్ చేసేటప్పుడు అతిగా వేడెక్కడం) అయ్యే ప్రమాదం ఉంది. 28 వోల్టుల గ్రౌండ్ పవర్ యూనిట్ (నేల మీద నుంచి విమానానికి కరెంటిచ్చే యంత్రం) అక్కడుందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.