హొనొలులులో టికీ బార్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

డిసెంబర్ చివరి వారం హొనొలులు వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్న. మా ఆవిడకి ఒకటే పట్టు, సముద్రం ఒడ్డున టికీ బార్‌లో కూర్చుని సూర్యాస్తమయం చూడాలట, ఆ తాటాకు కప్పు, చెక్క బొమ్మలు, చిన్న గొడుగు గుచ్చిన గ్లాసు అన్నీ ఉండాలట. నాన్నకి ఓకే, పెళ్లిళ్లలో ఒక పెగ్గు వేసే మనిషే. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, బార్ అంటే ఆవిడకి మా వీధి చివర వైన్‌షాపే గుర్తొస్తుంది. పిల్లల్ని రానిస్తారా? అమ్మకి తినడానికి ఏమైనా దొరుకుతుందా? హవాయి పాత ఆచారం కూడా చూపించినట్టుంటుందని నా ఆశ.

కాజా_కాకినాడ:
హొనొలులు బీచ్ ప్రాంతం వైకీకీలో ఇలాంటివి చాలావరకు రెస్టారెంట్లే అండీ, బార్ దగ్గర స్టూళ్ల మీద కాకుండా టేబుల్ అడగండి, పాపతో ఇబ్బంది ఉండదు. 21 నిండినట్టు ఐడీ అడుగుతారు, నాన్నగారి పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి, జుట్టు తెల్లగా ఉందిగా అని వదిలేయరు ఒక్కోచోట. డిసెంబర్‌లో అక్కడ ఆరు లోపే పొద్దు గుంకుతుంది, ఆరున్నరకి బుక్ చేసుకుంటే మీరు చూసేది చీకటే. ఐదింటికల్లా కూర్చోండి.

అమ్మగారి సంగతే కష్టం. ఫ్రైడ్ రైస్ వెజ్ అంటారు, అందులో చేపల సాసో ఆయిస్టర్ సాసో పడుతుంది. ఫ్రైస్ కూడా రొయ్యలు వేయించిన నూనెలోనే వేయించొచ్చు, అడిగి తీరాలి. మా అత్తగారు వచ్చినప్పుడు ఒకచోట (పేరు వద్దులెండి) మూడుసార్లు చెప్పినా సలాడ్ మీద ఎండు చేప పొడి చల్లి తెచ్చారు, ఆవిడ ఆ రాత్రి అరటిపండుతో సరిపెట్టుకున్నారు. దొరికితే "పోయి" అనే హవాయి వంటకం తినిపించండి, చేమదుంప ఉడికించి మెత్తగా దంచి చేస్తారు. పులిసింది వద్దు, తాజాది అడగండి. హౌపియా అని కొబ్బరిపాల స్వీటు ఉంటుంది, మామూలుగా గుడ్డు వేయరు.

రాతి_రథం:
ఆచారం అన్నారు కాబట్టి చెప్తున్నా, కోప్పడకండి. టికీ బార్ పుట్టింది హవాయిలో కాదు, కాలిఫోర్నియాలో. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్ అని ఒకటి మొదలైంది, తర్వాత ఓక్లాండ్‌లో ట్రేడర్ విక్స్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులు చూసొచ్చిన సైనికుల వల్ల ఇంకా పాకింది. మై టై అనే కాక్‌టెయిల్ కూడా ఆ ట్రేడర్ విక్స్ యజమాని విక్ బెర్జెరాన్ 1944లో ఓక్లాండ్‌లో కలిపానని చెప్పుకున్నదే, 1953లో ఆయనే వైకీకీలోని రాయల్ హవాయియన్ హోటల్‌కి తీసుకెళ్లాడు, అనాసరసం అక్కడ చేరింది. అసలు దాంట్లో రమ్ము, నిమ్మరసం, నారింజ లిక్కర్, బాదం సిరప్. ఎవరికైనా బాదం పడకపోతే జాగ్రత్త.

టికీ అన్న మాట న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీ వాళ్లది, వాళ్ల గాథల్లో మొదటి మనిషి పేరు. హవాయిలో ఆ విగ్రహాల్ని కిఇ అంటారు, కొన్ని దేవుళ్లవి. వాటిని కల్లు ముంతలుగా చేసి అమ్మడం అక్కడి స్థానికుల్లో చాలామందికి నచ్చదు. వెంకన్న మొహం బీరు గ్లాసు మీద వేస్తే మనకెలా ఉంటుంది?

బావా_బస్తీ:
అన్నా, అంత లోతుకి పోతే ఎక్కడా కూర్చుని తాగలేం 😀 ఆయన అడిగింది టేబుల్ గురించి.

కానీ ఒకటి, మీ ఆవిడ కోరికలో రెండు వేర్వేరు జాగాలున్నాయి. సూర్యాస్తమయం కావాలంటే వైకీకీ. అసలు సిసలు పాత టికీ కావాలంటే శాండ్ ఐలాండ్ రోడ్డు వైపు లా మరియానా సెయిలింగ్ క్లబ్, 1957 నాటిది. చుట్టూ గోదాములు, లారీలు, దారి తప్పామేమో అనిపిస్తుంది, లోపలికెళ్తే మూతపడిన పాత టికీ బార్ల నుంచి తెచ్చిన బొమ్మలు, ముళ్ల చేపల్ని ఉబ్బించి చేసిన దీపాలు, బయట పడవల తెరచాప కొయ్యలు. అలలు, ఇసుక మాత్రం ఉండవు. ముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి. బండి నడిపేవాళ్లు తాగొద్దు, తియ్యగా ఉంటుంది గానీ రమ్ము గట్టిగా పడుతుంది.

అడిగినవాణ్ణే, అప్‌డేట్:
వెళ్లొచ్చాం. ఇసుకలో కూర్చుని పొద్దు గుంకడం చూశాం, పైసా ఖర్చు లేకుండా. తర్వాత వైకీకీలోనే ఒకచోట తిన్నాం. నాన్న మై టై సగం తాగి "రమ్ము కలిపిన పానకంరా ఇది" అన్నారు, ఇరవై డాలర్లని చెప్పాక మిగతా సగం మెల్లగా తాగారు. అమ్మ ఆ చేమదుంప "పోయి" ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇందులో కాస్త పోపు వేసుంటేనా" అని హౌపియా మాత్రం రెండు ముక్కలు తినేసింది. పాప చెక్కబొమ్మని చూసి ఏడ్చింది. ఆ గోదాముల వైపు వెళ్లడం కుదర్లేదు, ఆరోజంతా వానే.